నాచారము నుండి ఎర్రగడ్డ ఎంత దూరము?

1924వ సంవత్సరము ఏప్రిల్ నెలలో అమెరికా దేశమున వెలువడిన "రేడియో న్యూస్" అను మాసపత్రిక ముఖచిత్రముగా ఒక వింత బొమ్మ అచ్చయినది. ఇంటిలో రేడియో పెట్టె యెదుట ఒక పిల్లవాడు కూర్చుండి యున్నాడు. ఆ పెట్టెకు అమర్చిన తెరలో వైద్యుడు కనబడుచున్నాడు. ఎక్కడో దూరమున నుండియే పిల్లవానిని పరీక్షించుచున్నాడు. "రేడియో డాక్టరు, కావచ్చునేమో!" అను అర్థము వచ్చు మాట ఆ బొమ్మకు శీర్షిక. టెలివిజనును ఎవరును ఇంకను ప్రజలకు ప్రదర్శించి చూపని దినములవి. పత్రికాధిపతి హ్యూగో గెర్న్స్‌బాక్ ఇట్టి ఊహలకు పేరుపడ్డవాడు. రేడియోలో పనిచేయువాడను గనుక ఆ బొమ్మను చూచినప్పుడెల్ల నాకు కొంత గర్వమును, కొంత నవ్వును కలుగును.

చిత్రకారుడు ఊహించినది ఒంట్లో బాగులేని పిల్లవానిని. కాని దూరమున నున్న రోగిని తెర మీద చూచుచు వైద్యము చేయుటకు మొట్టమొదట పూనుకొన్న వారిలో మనోవైద్యులు ముఖ్యులు. 1950 దశకము చివర అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున సెసిల్ విట్సన్ అను వైద్యాచార్యుడు, ఆయన సహచరులు, ఇరువైపులవారును ఒకరినొకరు చూచుకొని మాటలాడుకొను టెలివిజను ఏర్పాటుతో రోగులకు చికిత్స ప్రారంభించినారు. 1964లో ఆ ఏర్పాటును 112 మైళ్ళ దూరములోని నార్‌ఫోక్ మానసిక వైద్యశాల వరకు పొడిగించినారు. ఇందు ఆశ్చర్యమేమియు లేదు. శస్త్రవైద్యునకు రోగి శరీరము చేతికి అందవలెను. మనోవైద్యుని ముఖ్యమైన పనిముట్టు ప్రశ్న. ఆయనకు కావలసినది జవాబు. ప్రశ్నయు జవాబును తీగ మీద నడువగలవు.

ఎంతవరకు నడువగలవు? ఎక్కడ ఆగిపోవును? ఈ ప్రశ్నను మన హైదరాబాదు నగరపు తూర్పు కొసనుండి చూడవలెనని నా కోరిక.

నాచారము ఉప్పలు ప్రక్కనున్న పారిశ్రామిక వాడ. కర్మాగారములు, గిడ్డంగులు, రేకుల షెడ్లు, వాటి నడుమ కార్మికుల యిండ్లు, ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి. కొంచెము ఈవలకు వచ్చినచో హబ్సిగూడ దారిలో భూభౌతిక పరిశోధనాలయము, జీవకణ పరిశోధన జరుపు సి.సి.ఎం.బి. కలవు. 2017 నవంబరులో మెట్రో రైలు నడక మొదలైన తరువాత ఉప్పలులో బండి ఎక్కి, అమీరుపేటలో మారి, నగరపు పడమటి వైపున ఎర్రగడ్డ స్టేషనులో దిగుట సులువైనది. అక్కడనే ప్రభుత్వ మానసిక చికిత్సాలయము ఉన్నది. మెట్రోలో కూర్చున్నవానికి అది పెద్ద దూరము కాదు.

కాని హైదరాబాదు వాసులకు ఎర్రగడ్డ ఒక ఊరి పేరు మాత్రమే కాదు. కోపము వచ్చినప్పుడు, వేళాకోళమునకు, "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించవలె" అనుట ఇచటి వాడుక. బడిపిల్లలు కూడ అందురు. అట్టి మాట నానోట కూడ చిన్ననాడు వచ్చినదని ఒప్పుకొనుటకు సిగ్గగుచున్నది. ఒక ఆసుపత్రి పేరు తిట్టుగా మారిన ఊరిలో, ఆ ఆసుపత్రి పేరుగల స్టేషనులో దిగుటకు రోగియు, రోగిని వెంటబెట్టుకొని పోవు భార్యయు ఎంత వెనుకాడుదురో ఆలోచింపుడు. నాచారమునుండి ఎర్రగడ్డకు గల దూరమును నేను ఈ లెక్కతో కొలుచుచున్నాను.

ఈ భయమునకు చరిత్ర కలదు. నిజాం పాలనలో ఈ రాజ్యపు ఉన్మాద చికిత్సాలయము జాల్నాలో నుండెడిది. నేడు మహారాష్ట్రములో నున్న ఆ పట్టణము హైదరాబాదునకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరము. అంత దూరము పంపిన మనిషిని చూచి వచ్చుట ఎన్ని కుటుంబములకు సాధ్యమై యుండును? 1950 దశకములో గాని ఆ సంస్థ ఎర్రగడ్డకు చేరలేదు. అటు కోస్తా ఆంధ్రమునకు 19వ శతాబ్దపు ఉత్తరార్ధముననే విశాఖపట్టణములో ఒక ఆశ్రయము ఏర్పడినది. బ్రిటిషువారి 1912 నాటి చట్టము పేరే "లూనసీ" చట్టము. ఆ చట్టము క్రింద రోగిని చేర్చుకొనుటకు మేజిస్ట్రేటు ఉత్తరువు తరచుగా కావలసి వచ్చెడిది. అనగా వైద్యునికంటె ముందు న్యాయాధికారి. 1987లో వేరొక చట్టము వచ్చినది. 2017లో చేసి 2018లో అమలుపరచిన చట్టము మానసిక వైద్యము పొందుట పౌరుని హక్కు అని మొదటిసారి స్పష్టముగ చెప్పినది. చట్టములు మారినంత త్వరగా నాలుకలు మారవు.

ఇక వ్యాధి సంగతి. మనోవ్యాధులు అనేకములు ఉండగా నేను బైపోలార్ వ్యాధినే ఎన్నుకొనుటకు కారణమున్నది. దూరవైద్యపు బలమును, బలహీనతయు దీనియందు తేటగా కనబడును.

ఈ వ్యాధిలో మనస్సు రెండు కొసల నడుమ ఊగును. ఒక కొస పొంగు, రెండవ కొస కుంగు. ఈ రెండును ఒకే రోగమని గుర్తించుటకు వైద్యలోకమునకు చాల కాలము పట్టినది. 1850 దశకములో పారిస్ నగరమున ఫాల్రే, బైయార్జే అను ఇద్దరు వైద్యులు ఇంచుమించు ఒకే సమయమున ఈ సంగతి కనిపెట్టి, ఎవరు ముందని వాదులాడుకొన్నారు. 1899లో జర్మనీలో క్రేపెలిన్ దీనికి మేనిక్ డిప్రెసివ్ వ్యాధి అని పేరు స్థిరపరచినాడు. రోగులను ఒక్క పరీక్షలో చూచి విడిచిపెట్టక, వారి జీవితగతిని ఏండ్ల తరబడి కాగితము మీద వ్రాసి పెట్టుకొనుట ఆయన పద్ధతి. రోగము పేరు రోగి నేడు ఉన్న స్థితినుండి గాక అతని గతమునుండి తేలవలెనని దాని భావము. ఒక కొస మాత్రమే గల రోగులను, రెండు కొసలు గలవారిని వేరుచేసి చూపినవాడు 1957లో కార్ల్ లియొన్‌హార్డ్. 1980 నాటి అమెరికా వర్గీకరణలో బైపోలార్ అను పేరు అధికారికముగ చేరినది.

రోగనిర్ణయమునకు గతమెంత ముఖ్యమో ఒక ఉదాహరణము చెప్పెదను. నాచారములో ఒక యంత్రశాలలో షిఫ్టు పనిచేయు నలువది ఏండ్ల గృహస్థును ఊహింపుడు. ఒక వేసవిలో వరుసగా రాత్రి డ్యూటీలు పడినవి. పగలును నిద్ర లేదు, అయినను అలసట లేదు. పది దినములు దినమునకు రెండు గంటలు మాత్రమే పడుకొన్నాడు. మాటలు ఆగవు. చిట్టీ పాడుకొని వచ్చిన సొమ్ముతో, ఇంటిలో చెప్పకయే, రెండు పాత ఆటోలు కొన్నాడు. మూడవదానికి బయానా యిచ్చినాడు. యజమానితో తగవులాడినాడు. అటుపిమ్మట రెండు నెలలకు మంచము పట్టినాడు. ఆకలి లేదు, పలుకు లేదు, బ్రదుకు మీద ఆశ లేదు. డాక్టరు వద్దకు పోయినది ఈ రెండవ దశలో. డాక్టరు అడిగినది "ఏమి బాధ?" అని. అతడు చెప్పినది కుంగుబాటు. ఆ వేసవి సంగతి అతడు చెప్పలేదు. ఏల చెప్పును? తన జీవితములో తాను మిక్కిలి చురుకుగ ఉన్న దినములవి. అది రోగమని అతనికి తోచదు. అప్పుడు కుంగుబాటునకు మాత్రమే మందు వ్రాసినచో, పొంగును అదుపుచేయు మందు తోడులేక, మరల పొంగు పైకి లేచు ప్రమాదమున్నది. ఇట్లు రోగము సరియైన పేరు పొందక ఏండ్లు గడచిన వారు చాలమంది.

కనుక ఈ వ్యాధిలో ముఖ్యసాక్షి తరచుగా రోగి కాడు. భార్య, తల్లి, అన్న, తోడి పనివాడు. "ఆ పదిదినములు మా ఆయన వేరే మనిషి" అని భార్య చెప్పు ఒక్క వాక్యము విలువైనది. అట్టి పొంగు ఒక వారము నిలిచినచో, లేక ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రమైనచో, అది పూర్తి ఉన్మాదదశ అనియు, నాలుగు దినములైన నిలిచి, నష్టము అంత లేనిచో తేలిక దశ అనియు వైద్యుల లెక్క. 2015-16లో జరిగిన జాతీయ మానసికారోగ్య సర్వే 12 రాష్ట్రములలో నడచినది. వాటిలో మన రెండు తెలుగు రాష్ట్రములును లేవు. జీవితకాలములో ఈ వ్యాధి వచ్చువారు నూటికి 0.5 మంది అనియు, వ్యాధి ఉన్నవారిలో నూటికి సుమారు 70 మందికి చికిత్స అందుట లేదనియు ఆ సర్వే తేల్చినది.

మందు సంగతి ఇంకను విచిత్రము. 1948లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అను వైద్యుడు, గినీపందుల మీద పరీక్షలు చేయుచుండగా, లిథియము అను తేలిక లోహపు లవణము వాటిని శాంతపరచుట గమనించినాడు. ముందు తాను మింగి చూచినాడు. తరువాత అయిదేండ్లుగ ఉన్మాదములో నున్న 51 ఏండ్ల రోగికి ఇచ్చినాడు. ఆ మనిషి కొద్ది నెలలలో ఆసుపత్రి విడిచి, ఇల్లు చేరి, పాత ఉద్యోగములో చేరినాడు. బాగైనది గదా అని మందు విషయమున అశ్రద్ధ చేసి, చివరకు మానివేసినాడు. 1949 జనవరిలో మరల ఆసుపత్రికి తేవలసి వచ్చినది. తుదకు 1950లో అదే మందు శరీరములో హెచ్చి విషమై మరణించినాడు. 1949లో కేడ్ ప్రకటించిన చిన్న వ్యాసము నేటికిని వైద్యచరిత్రలో గొప్పదిగ చెప్పబడుచున్నది. నాకు మాత్రము ఆ వ్యాసములోని విజయముకంటె ఆ మొదటి రోగి కథయే మనస్సున నిలిచినది. మందు మానినందున ఒకసారి, మందు మితిమీరినందున మరొకసారి దెబ్బతిన్నాడు. రెండుసార్లును కావలసినది కొత్త మందు కాదు. అతనిని వారము వారము కనుగొని యుండు ఒక మనిషి. రక్తములో లిథియమును కొలుచుట అలవాటైన పిమ్మటనే ఈ మందు నిర్భయముగ వాడుకకు వచ్చినది. డెన్మార్కు వైద్యుడు మోగెన్స్ షౌ 1954లో దాని గుణమును పరీక్షించి నిరూపించినాడు. అమెరికా ప్రభుత్వము 1970లో గాని అనుమతింపలేదు.

ఇట్లు చూచినచో ఈ వ్యాధి చికిత్స ఒక సందర్శనముతో ముగియునది కాదు. ఏండ్ల తరబడి తెగకుండ సాగవలసిన సంబంధము. తెగు చోటు నాచారమునకు ఎర్రగడ్డకు నడుమ ఉన్నది. ఒకపూట కూలి పోవును, సెలవు దొరకదు, పేరు బయటపడునను భయము వెంటనుండును. బాగైన మూడవ నెలలో రోగి "ఇక ఎందుకులే" అనును. దూరవైద్యమునకు అసలు పని ఇక్కడనే.

మన తెలుగునాట ఈ దారి పడిన క్రమము చూడుడు. 1982లో దేశమునకు మానసికారోగ్య కార్యక్రమము ఏర్పడగా, 1996లో జిల్లా స్థాయిలో ప్రయోగమునకు ఎన్నుకొన్న మొదటి నాలుగు జిల్లాలలో హైదరాబాదు పొరుగునున్న మెదకు ఒకటి. రోగి పెద్ద ఆసుపత్రికి పోవుటకు బదులు వైద్యమే రోగి వైపు రావలెనను తలంపు దానిది. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామములోని అపోలో ఆసుపత్రి దూరవైద్య కేంద్రమును అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించినాడు. 2007లో హైదరాబాదు కేంద్రముగా 104 సంఖ్యకు ఫోను చేసి ఆరోగ్య సలహా పొందు ఏర్పాటు వచ్చినది. పల్లెటూళ్ళ వారికి డాక్టరుతో ఫోనులో మాటలాడవచ్చునను సంగతి అలవాటు చేసినది అదియే. పశ్చిమగోదావరి పల్లెలలో ఆశా కార్యకర్తలు చేతిలో ట్యాబ్‌లెట్ పట్టుకొని ఇంటింట మనోవ్యథలను గుర్తించు ఒక ప్రయోగము కూడ జరిగినది. అది కుంగుబాటు, ఆందోళనల వరకే గాని మన వ్యాధికి చెందదు.

అయినను చట్టబద్ధమైన తలుపు తెరచుకొన్నది 2020 మార్చి 25న. దేశమంతట లాక్‌డౌన్ మొదలైన దినముననే దూరవైద్య నియమములు వెలువడినవి. ఆ యేడే బెంగుళూరు నిమ్హాన్స్, భారత మనోవైద్య సంఘము కలిసి మనోవైద్యులకు ప్రత్యేక సూచనలు ప్రకటించినారు. కొన్ని మందులు మొదటిసారి వ్రాయుటకు ముఖము కనబడు వీడియో తప్పనిసరి; మత్తుమందుల చట్టము క్రిందికి వచ్చునవి దూరమునుండి వ్రాయుట మీద గట్టి కట్టడి. 2022 అక్టోబరు 10న టెలి మానస్ ప్రారంభమైనది. 14416 సంఖ్యకు పగలైనను రాత్రియైనను ఫోను చేసినచో తెలుగులో మాటలాడువారు ఉచితముగ దొరకుదురు. అవసరమైనచో వారు మనోవైద్యునికి అప్పగింతురు.

ఫోనులో గాని వీడియోలో గాని వైద్యుడు ఏమి గ్రహించగలడు? ఇక్కడ నా వృత్తి అనుభవము కొంత చెప్పుటకు సాహసించుచున్నాను. మైకు ముందు చాల ఏండ్లు కూర్చున్నవానికి గొంతు చాల సంగతులు చెప్పును. పొంగులో నున్నవాని మాటలు ఒకదానినొకటి తరుముకొని వచ్చును, ప్రశ్నకు చోటుండదు. కుంగులో నున్నవాడు ప్రశ్న తరువాత ఎంతసేపటికో పలుకును. ఆ నిశ్శబ్దమును రేడియోవాడు సెకన్లలో కొలువగలడు. కాని గొంతు మోసము కూడ చేయును. మర్యాద తెలిసిన మనిషి ఎంత కుంగి యున్నను "బాగానే ఉన్నానండి" అని చక్కగ పలుకును. వీడియోలో జరిపిన పరీక్షకును ముఖాముఖి పరీక్షకును రోగనిర్ణయములో పెద్ద భేదము లేదని అనేక పరిశోధనలు తేల్చినవి. అయినను సాధ్యమైనచో మొదటిసారి ఎదుట కూర్చుండి చూపించుకొనుటయే మంచిదని నా అభిప్రాయము. థైరాయిడ్ చెడినను, మద్యమువలనను, కొన్ని మందులవలనను ఇట్టి లక్షణములే రావచ్చును. స్త్రీలయందు గర్భము సంగతి తప్పక తెలియవలెను. ఈ వ్యాధికి వాడు వాల్ప్రోయేట్ అను మందు గర్భస్థ శిశువునకు హానికరము. ఇక తీవ్రమైన పొంగులో నున్నవాడు కెమెరా ముందు కూర్చుండడు. ప్రాణము తీసికొను తలంపు వచ్చినవానిని తెర వెనుకనుండి ఎవరును చేయిపట్టి ఆపలేరు. అందుకే మంచి వైద్యుడు వీడియో మొదలు కాగానే రోగి ఎక్కడ నున్నాడో, ప్రక్కన ఎవరున్నారో, వారి ఫోను సంఖ్య యేదో ముందుగ అడిగి వ్రాసికొనును. అది నచ్చనివారు కలరు, కాని అవసరము.

వేరొక చిక్కు కలదు. ఎవరును అంతగా తలపెట్టరు. నాచారములో చాల కుటుంబములకు ఒకటి రెండు గదులే. భర్త డాక్టరుతో మాటలాడుచుండగా అత్తగారు, పిల్లలు, గోడ అవతల పొరుగువారు వినుచుందురు. రేడియో అయిన నలుగురును వినుటకే పెట్టెదము. ఇది అట్లు కాదు. డాబా మీదికి పోయి, నీళ్ళ ట్యాంకు నీడలో నిలిచి, గొంతు తగ్గించి మాటలాడువారు కలరని విన్నాను. చెవికి పెట్టుకొను ఇయర్‌ఫోను ఈ చికిత్సలో మందుతో సమానమైన వస్తువు. భార్య సాక్ష్యము కావలెనన్నచో, ఆమెతో వేరుగ మాటలాడుటకు ఒక పది నిమిషములు వైద్యుడు కేటాయింపవలెను, రోగి సమ్మతితో.

ఇక తీగ మీద నడువనిది రక్తము. లిథియము రక్తములో లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల నడుమ నుండవలెను, 1.5 దాటినచో విషలక్షణములు తోచును. మేలుకు కీడుకు నడుమ ఇంత ఇరుకైన సందు గల మందు తక్కువ. ఈ కొలతకు ఎర్రగడ్డ పోనక్కరలేదు. వీధి చివర ల్యాబులో రక్తము ఇచ్చి, ఫలితపు కాగితమును ఫోనులో ఫోటో తీసి పంపవచ్చును. రాత్రి మాత్ర వేసికొన్న 12 గంటలకు, ఉదయపు మాత్ర మింగకముందు, ఇయ్యవలెను. మూత్రపిండములు, థైరాయిడ్ పరీక్షలు కూడ అప్పుడప్పుడు చేయించవలెను.

మన యెండలలో ఈ జాగ్రత్త ఇంకను ఎక్కువ. మే నెలలో రేకుల షెడ్డు క్రింద ఎనిమిది గంటలు నిలిచినవాని చెమటతో నీరు, ఉప్పు పోవును. అప్పుడు మూత్రపిండములు లిథియమును బయటకు పోనీయక నిలుపుకొనును. నడుము నొప్పికని దుకాణములో కొన్న బ్రూఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కూడ అదే పని చేయును. చేయి బాగుగ వణకుట, వాంతులు, విరేచనములు, అడుగు తడబడుట, మాట ముద్దగా వచ్చుట కనబడినచో మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. కనుక వేసవిలో వైద్యుడు ఫోనులో అడుగు ప్రశ్నలు మనోవైద్యునివి వలె తోచవు. "నీళ్ళు బాగుగ త్రాగుచున్నారా? నొప్పికి మాత్రలేమైన మింగినారా? రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయినారు?" మొదటి రెంటికి రోగి జవాబు చెప్పును. మూడవదానికి తరచుగా వంటయింటినుండి భార్య జవాబు చెప్పును.